ఆవిడ ఏం రాశారండీ?

మా నాటిక పాంప్లెట్ అచ్చుకి వెళ్లే ముందు రోజు కమిటీలో ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఇది. వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలియక అడిగారు. రచన, దర్శకత్వం, రంగాలంకరణ, ఆహార్యం, లైటింగ్, సంగీతం అని అన్నిటికీ విడివిడిగా లైన్లు ఉన్నాయి, రిహార్సల్‌కి ముందే నా డ్రాఫ్ట్ చదివించి విని ప్రశ్నలడిగిన టీచరమ్మ పేరు కూడా అలాగే విడిగా ఒక లైన్‌లో వేయాలని నేను పట్టుబట్టాను. "వేద్దాం, కానీ ఏమని వేద్దాం? ఆవిడ ఏం రాశారండీ?" అన్నారాయన.

రాయలేదు. ఒక్క డైలాగు కూడా రాయలేదు. నటించలేదు, డైరెక్ట్ చేయలేదు. ఆ రోజు నా నోటికి సమాధానం రాలేదు, చివరికి ఆవిడ పేరు వెనక పేజీలో కృతజ్ఞతల కింద మైక్ సెట్ ఆయనకీ, టిఫిన్లు పంపిన హోటల్‌కీ మధ్య వచ్చింది. అది చూసినప్పటి నుంచీ నాకు మనసులో బాగా లేదు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నేను పన్నెండేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాను, మొదటి నాలుగేళ్లూ పీజీలోనే, అంటే డబ్బు కట్టి ఉండే హాస్టల్ లాంటి పేయింగ్ గెస్ట్ ఇంట్లో. ఇక్కడి పీజీల సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, నడిపేవాళ్లలో మనవాళ్లు చాలామంది, వంటింట్లోంచి వచ్చే మాట తెలుగే. నా నాటిక కూడా అలాంటి ఒక లేడీస్ పీజీ గురించి. నెల్లూరు వైపు నుంచి వచ్చి పీజీ నడుపుకుంటున్న రమణమ్మ అనే ఆవిడ, అందులో ఉండే అమ్మాయిలు, ఒక రాత్రి. మొదటి డ్రాఫ్ట్‌లో రమణమ్మకి రెండు పేజీల సొంత మాట పెట్టాను, ఊళ్లో పొలం ఎలా పోయింది, ఈ ఊరికి ఎలా వచ్చింది అని. అది నాటికకి గుండెకాయ అనుకున్నాను. నాకు దాన్ని రాస్తుంటే ఏడుపొచ్చింది.

టీచరమ్మది కోలారు వైపు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. కన్నడం టీచరుగా రిటైరై హనుమంతనగర్‌లో ఉంటున్నారు. కానీ నాటకం ఆవిడకి అబ్బింది ప్రాంప్టింగ్ వల్ల. ఇరవై ఏళ్లకి పైగా కన్నడ అమెచ్యూర్ ట్రూపులకి, ఎక్కువగా రవీంద్ర కళాక్షేత్రంలో, తెర పక్కన చీకట్లో నిలబడి మాట అందించారు. ప్రాంప్టర్‌కి నాటకం కనిపించేది తక్కువ, వినిపించేది ఎక్కువ. ఒక నటుడు ఒకే చోట మూడు రోజులు వరసగా తడబడ్డాడంటే తప్పు అతని జ్ఞాపకశక్తిది కాదు, ఆ మాట ఆ మనిషి నోట్లోంచి వచ్చేది కాదు అని ఆవిడకి అక్కడే తెలిసింది. రిహార్సల్ మొదలయ్యాక ఇలాంటివి కనిపెట్టినా లాభం లేదు, అప్పటికి అందరికీ టెన్షన్, తేదీ దగ్గర పడుతుంటుంది, ఎలాగోలా కానిచ్చేస్తారు. అందుకే ఆవిడ రిహార్సల్‌కి ముందే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఇచ్చిన పదవి కాదు.

మొదటి రీడింగ్ మా అపార్ట్‌మెంట్ డాబా మీద. ఏడుగురు చదివారు, వాళ్లలో నటులు ఇద్దరే. ఇంకో ఇద్దరు పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు, తెలుగు గలగలా మాట్లాడతారుగానీ చదవడం రాదు, వాళ్లకోసం ఒక రాత్రి కూర్చుని వాళ్ల పాత్రల డైలాగులన్నీ కన్నడ లిపిలో రాసిచ్చాను. టీచరమ్మ నాకు ముందే చెప్పేశారు, నువ్వు చదవకూడదు, అయిపోయేదాకా నోరు తెరవకూడదు, ఎవరికైనా అర్థం కాకపోతే నువ్వు వివరించకూడదు, వివరించాల్సి వచ్చిందంటే అది కాగితం మీద లేదన్నమాట. రంగ సూచనలు మాత్రం ఆవిడే పైకి చదువుతానన్నారు. చేతిలో గీతల నోటు పుస్తకం, పక్కన వాచీ. విన్నవాళ్లలో ఎవరైనా కుర్చీలో కదిలితే, ఫోన్ చూసుకుంటే, ఊపిరి బిగబడితే, ఎన్నో నిమిషమో రాసుకున్నారు. అంతే.

చదవడం అయ్యాక "బాగుందా?" అని అడగనివ్వలేదు. బాగుందా అంటే బాగుందనే అంటారు, మన ఇళ్లలో ఎవరూ మొహం మీద బాలేదనరు. "ఏం గుర్తుంది?" అని అడిగారు. ఒక్కొక్కళ్లని, నెమ్మదిగా. నా రెండు పేజీల సొంత మాట ఎవరికీ గుర్తు లేదు. ఒక్కరికి కూడా. నలుగురు చెప్పింది ఒకే విషయం, రమణమ్మ రాత్రి కంచాలు లెక్కపెట్టడం. అది నేను రాసిన డైలాగు కూడా కాదు, బ్రాకెట్‌లో పడేసిన ఒక్క లైను, నలభై రెండు కంచాలు లెక్కపెడుతుంది అని. ఆవిడ పైకి చదివారు కాబట్టి చెవిన పడింది. పీజీలో రోజూ అందరి కంచాలూ కడిగి వరసగా పెడతారు, తినేవాళ్లు తీసుకుంటారు.

అప్పుడు అడిగారు. "రాత్రి పదిన్నరకి ఒక కంచం మిగిలిపోతే ఆవిడ ఏం చేస్తుంది నాయనా?"

నాకు తెలియదు. పదకొండు రోజులు తెలియలేదు. ఆఫీసు బస్సులో, స్నానం చేస్తూ, అదే ప్రశ్న. ఎవరో ఒకమ్మాయి ఇంకా రాలేదు, రమణమ్మ గేటు తాళం వేయాలి, వేస్తే ఆ పిల్ల ఎక్కడుంటుంది, వేయకపోతే మిగతా నలభై ఒక్కమందికి జవాబుదారీ ఎవరు. పన్నెండో రోజు కూర్చుని మొత్తం తిరగరాశాను, గంట నాటిక అంతా ఆ ఒక్క కంచం మీదే నడిచింది. రమణమ్మ దానిమీద ఇంకో కంచం బోర్లించి, తాళం చెవి చేత్తో పట్టుకుని మెట్టుమీద కూర్చుంటుంది. పొలం పోయిన కథ నాలుగు వాక్యాలు అయింది.

రెండో రీడింగ్ తర్వాత ఇంకో విషయం పట్టుకున్నారు. మాది గుంటూరు, నా రమణమ్మ పేపర్‌లో భాష మాట్లాడుతోందట. మీకు వీలైతే అని కూడా అనలేదు, మరుసటి ఆదివారం నన్ను ఒక పీజీ వంటింట్లోకి తీసుకెళ్లి ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చోబెట్టారు, రెండు గంటలు. "ఏందిమే, యాడికి బొయినావు ఇంత రేత్రి దాకా" అన్న మాట అక్కడ విన్నదే. అందులో కోపం ఎంతో, భయం ఎంతో విడదీయలేం. నేను ఎన్నేళ్లు కూర్చుని రాసినా అది రాదు.

ఈ పనికి యూరప్‌లో పేరుంది, డ్రామటర్గ్ అంటారు. 1767లో జర్మనీలోని హాంబర్గ్‌లో జాతీయ రంగస్థలం పెట్టినప్పుడు లెస్సింగ్ అనే నాటక రచయితని పిలిచి కూర్చోబెట్టారు, అక్కడ ఆడిన నాటకాల మీద ఆయన రాసిన వ్యాసాల నుంచే ఆ మాట స్థిరపడింది. రెండేళ్లకే ఆ థియేటర్ మూతపడింది, పని మాత్రం నిలిచింది. అమెరికాలో కనెక్టికట్‌లో నాటక రచయిత యూజీన్ ఓనీల్ పేరు మీద 1964లో పెట్టిన కేంద్రంలో వేసవిలో కొత్త నాటకాలని నటులు స్క్రిప్ట్ చేత్తో పట్టుకునే ఆడి వినిపిస్తారు, రచయిత విని రాత్రికి రాత్రి మార్చుకుంటాడు. అమెరికన్ నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ ముందు పంపినవి అక్కడి నుంచి తిరిగొచ్చాయి, 1982లో ఒకటి తీసుకున్నారు, అదే 1984లో న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల వీధి బ్రాడ్‌వేకి వెళ్లింది. ఇంకా దగ్గరగా చూస్తే చెన్నై రచయిత్రి అనుపమా చంద్రశేఖర్ 2000లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో రెసిడెన్సీకి, అంటే రచయితని పిలిచి కొన్నాళ్లు ఉంచుకుని రాయించే కార్యక్రమానికి, వెళ్లారు, ఆవిడ 'ఫ్రీ అవుట్‌గోయింగ్' 2007లో అదే థియేటర్‌లో ఆడింది, కథ మాత్రం చెన్నైలో ఒక ఇంటిదే. రచయిత పక్కన ఇన్నేళ్లపాటు ఒక సంస్థ నిలబడటం గురించి ఆలోచించండి.

మనకి తిరగరాయడం కొత్త కాదు. కన్యాశుల్కం 1892లో ఆడింది, 1897లో అచ్చయింది, మనమంతా నెత్తిన పెట్టుకునేది 1909 నాటి రెండో కూర్పు. పన్నెండేళ్ల తేడా. మొదటి కూర్పులో చిన్న పాత్ర అయిన మధురవాణి రెండోదానిలో నాటకాన్ని మోసే మనిషి అయింది. మరి ఇవాళ పరిషత్తు నాటక పోటీలకి నాటిక రాసేవాడికి పన్నెండు వారాలైనా ఎవరిస్తున్నారు? పోటీ తేదీ ముందే వస్తుంది, స్క్రిప్ట్ తిన్నగా రిహార్సల్‌కి పోతుంది, దాన్ని ప్రశ్నించాల్సిన ఒకే ఒక్క మనిషి దర్శకుడు, ఆయనకేమో సెట్టూ, లైట్లూ, టైమ్ దాటితే మార్కులు పోతాయన్న భయమూ. చివర్లో ఉత్తమ రచనకి శాలువా కప్పుతాం. అది రాస్తున్నప్పుడు కావలసిన మనిషిని మాత్రం ఎవరూ పంపరు.

సాయం పేరుతో ఇంకోటి కూడా జరుగుతుంది, అదీ చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక దర్శకుడు నా ఇంకో నాటిక రెండో సగం తనే రాసేసుకున్నారు, చివర్లో ఒక చావు పెట్టారు, జనం ఏడ్చారు, బహుమతి కూడా వచ్చింది. నేను ఆ నాటికని ఇప్పటికీ నాదని చెప్పుకోలేకపోతున్నాను. టీచరమ్మకి తను అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసే ఉంటుందని నా నమ్మకం, కంచం మిగిలితే ఏం జరుగుతుందో ఆవిడ మనసులో ఎప్పుడో ఆడేసుకుని ఉంటారు. పదకొండు రోజులూ చెప్పలేదు. అది ఎంత కష్టమో ఎవరి డ్రాఫ్ట్ అయినా ఒకసారి చదివి చూడండి, చేయి దురద పెడుతుంది.

హనుమంతనగర్ నుంచి మారతహళ్లికి నాలుగు ఆదివారాలు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని, అరవై ఆరేళ్ల మనిషి. ఆటో డబ్బులు మాత్రం తీసుకున్నారు. లైట్ల అద్దెకి, సెట్‌కి బడ్జెట్‌లో లెక్క రాసుకుంటాం కదా, అందులో ఈ పనికీ ఒక లెక్క ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను, ప్రేమతో చేస్తున్నారు కదా అని వదిలేయడం తప్పు.

మొన్న ఆ పెద్దాయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, కంచం సంగతి మొదలుకొని. శ్రద్ధగా విన్నారు. 'తొలి శ్రోత' అని వేస్తే ఎలా ఉంటుందని అడిగాను. కాసేపు ఆగి, "అయితే రచన కిందే వెంటనే రావాలి కదండీ, లైటింగ్ కంటే ముందు" అన్నారు.

కొత్త నాటిక డ్రాఫ్ట్ అయింది. వచ్చే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా డాబా మీద రీడింగ్. చదవడానికి ఏడుగురు కావాలి, ఇప్పటికి నలుగురే ఉన్నారు. నటన రాకపోయినా పర్లేదు. తెలుగు లిపి రాకపోతే ముందే చెప్పండి, కన్నడ లిపిలో రాసి ఉంచుతాను.