కొబ్బరిబొండం స్ట్రా

నిన్న కొత్తావకాయతో మొదటి ముద్ద తిన్నాను, జ్ఞానదంతం తీయించుకున్న ఇరవై రెండో రోజున. కుడివైపే నమిలాననుకోండి. మొన్నటిదాకా ఫోన్ పట్టుకునే ఓపిక కూడా లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

ఎడమవైపు కింది జ్ఞానదంతం అడ్డంగా పడుకుని పక్క పన్నుని తోస్తోందని ఎక్స్‌రేలో తేలింది. మత్తు ఇంజెక్షన్, పన్ను ముక్కలు చేసి తీయడం, మూడు కుట్లు, మొత్తం ముప్పావు గంట. అదేమంత కష్టం కాలేదు. చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి "అన్నీ ఇందులో ఉన్నాయి మేడమ్" అన్నారు, అంతే.

మే నెల గుంటూరు ఎండ. దారిలో మా ఆయన పాపం ప్రేమగా బండి ఆపి లేత బొండం కొట్టించారు. పెదవి మొద్దుబారి ఉంది, ఎత్తి తాగితే కారిపోతుందని స్ట్రా వేసుకుని లాగి లాగి తాగాను. స్ట్రా వాడొద్దని ఆ కాగితంలోనే ఉందట. మేం చదివింది ఐదో రోజున.

బుగ్గ బూరెలా ఉబ్బింది. రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం. పప్పు తింటే చీము పడుతుందని అత్తయ్య పెట్టనివ్వలేదు. డాక్టరు అలా ఏమీ చెప్పలేదు గానీ, ఆవిడతో వాదించాలంటే ముందు నోరు తెరుచుకోవాలి కదా. అవతల హాల్లో ఆవకాయ కలుపుతున్నారు, ఆ ఆవపిండి ఘాటుకి తుమ్ము వస్తే కుట్లు ఊడిపోతాయేమోనని ముక్కు మూసుకుని కూర్చున్నా.

వాపు తగ్గుతోందనుకున్న నాలుగో రాత్రి మొదలైంది అసలుది. నొప్పి పన్ను ఉన్నచోట కాదు, చెవిలో, కణతలో. గుండె కొట్టుకున్నప్పుడల్లా దవడలో సుత్తి దెబ్బ. నోట్లోంచి కుళ్లు వాసన. టార్చ్ వేసి అద్దంలో చూస్తే గుంత ఖాళీగా ఉంది, అడుగున తెల్లగా ఏదో. ఎముక అని అప్పుడు తెలీదు. ఒంటిగంటన్నరకల్లా నాకు క్యాన్సరని నేనే తేల్చేసుకున్నా. నిద్రలో పిల్లాడు కాలు నా మీద వేస్తే ఆ కాలు పట్టుకుని ఏడ్చాను, కోటప్పకొండ మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను. మాత్ర వేసుకున్న గంటకే ఇంకోటి మింగబోతే మా ఆయన లాక్కున్నారు.

పొద్దున్నే ఫోన్ చేస్తే ఆ డాక్టరు నవ్వుతూ, "పన్ను తీస్తే నొప్పి ఉండదా మేడమ్? ఆడవాళ్లకి ఓర్పెక్కువంటారు, మీకు లేనట్టుంది" అన్నాడు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని నేను. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.

మా వీధి చివర చిన్న క్లినిక్‌లో పెద్దావిడ ఒక్కసారి చూసి, "డ్రై సాకెట్. గుంతలో ఉండాల్సిన రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడింది. స్ట్రాతో ఏమైనా తాగావా అమ్మా?" అంది. మా ఆయన తల దించుకున్నారు. సెలైన్‌తో కడిగి, లవంగనూనె వాసనొచ్చే మందు పెట్టింది. కాసేపటికి ఆ కుర్చీలోనే నిద్రపోయాను. రోజు మార్చి రోజు మూడుసార్లు మందు మార్చింది, మూడోసారి డబ్బు తీసుకోలేదు. ఏ తప్పూ చేయకపోయినా కొందరికి ఇలా వస్తుందని చెప్పిందావిడే, అది మా ఆయన కోసం అందనుకుంటా. సరే, వస్తుంది. వస్తే ఫలానాలా ఉంటుందని ముందే రెండు ముక్కలు తెలుగులో చెప్పడానికి ఆ డాక్టరుకి ఏం పోయింది?

తీయించుకునేవాళ్లుంటే చెబుతున్నా, మొదటి 24 గంటలు ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. స్ట్రా, సిగరెట్ జోలికైతే కొన్ని రోజులదాకా పోనే పోవద్దు. ఉప్పునీళ్లు మర్నాటి నుంచే, అదీ నోట్లో పోసుకుని తల వంచి వదిలేయడమే. మూడో నాలుగో రోజున నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగితే, ఓర్చుకోమనే మాట వినకుండా ఆ రోజే వెళ్లండి.

కుడివైపుది కూడా తీయించాలట. ఆ పెద్దావిడ దగ్గరే, అదీ కొండెక్కి మొక్కు తీర్చుకున్నాకే. మా ఆయన మాత్రం బొండాల బండి దగ్గర తనకి కూడా స్ట్రా వద్దంటున్నారు, రోజూ చొక్కా మీద పోసుకుంటున్నారు.