మా వాడికి శనక్కాయలు పడవు

డల్లాస్ వదిలి కందుకూరు వచ్చేద్దామని 2023లో అనుకున్నప్పుడు అందరూ అడిగింది పిల్లల చదువు గురించే. నా టెన్షన్ వేరు. మా వాడికి అప్పటికి ఎనిమిదేళ్లు, శనక్కాయ నోట్లో పడితే దద్దుర్లతో ఆగదు, ఊపిరాడదు. శనక్కాయ లేని వంటిల్లు మన వైపు ఎక్కడుంది చెప్పండి? ఇడ్లీలోకి పచ్చడి అదే, పులిహోరలో అదే, చివరికి మా అమ్మ గొప్పగా చెప్పుకునే గానుగ నూనె కూడా అదే. రిఫైన్డ్ నూనెలో ప్రొటీన్ దాదాపు పోతుంది కాబట్టి చాలామందికి ఇబ్బంది ఉండదు, గానుగలో ఆడించిన దాంట్లో మిగిలిపోతుంది. ఈ మాట అంటే "బంగారంలాంటి నూనె మాని ప్యాకెట్ నూనె పోయమంటావా" అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొదటి నెలంతా ఆసుపత్రులు చూడడమే పని. 2022 జిల్లాల విభజనతో అప్పటికి కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది గానీ, ఊపిరాడని పిల్లాడికి జిల్లాతో ఏం పని? నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు, ఒంగోలు అందులో సగం. ఆ సగం దూరం వెళ్లేదాకా కూడా అది ఆగదు. కాబట్టి ముందు పది నిమిషాల్లో చేరే చోటు కావాలి, ఒంగోలు ఆ తర్వాత. ఎందుకంటే తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి మళ్లీ తిరగబెట్టొచ్చు, అందుకని కాసేపు ఉంచుకుని చూడాలి.

ప్రతిచోటా ఒకటే ప్రశ్న అడిగాను. శనక్కాయ తిని మావాడు ఊపిరాడక వస్తే మొదట ఏ ఇంజెక్షన్ ఇస్తారు? ఒకచోట ఏసీ గదులు చూపించారు. ఇంకోచోట "ముందు ఏవిల్ ఇచ్చి చూస్తాం సార్" అన్నారు, అక్కడినుంచి లేచి వచ్చేశాను, ఎందుకంటే ఏవిల్ అనే అలర్జీ మందు దురద తగ్గిస్తుందేమో గానీ మూసుకుపోతున్న గొంతుని తెరవదు. పాత బిల్డింగ్‌లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో మాత్రం డ్యూటీ డాక్టరమ్మ ఏమీ ఆలోచించకుండా "అడ్రినలిన్, తొడకి" అని (మూసుకుపోతున్న గొంతుని తెరిచే మందు అదే), ఎమర్జెన్సీ ట్రే లాగి యాంప్యూల్ మీద తేదీ కూడా చూపించింది. ఇంకో సంగతి, ఆవిడ మావాడినే "నీకు అప్పుడెలా అనిపించింది నాన్నా" అని అడిగింది. అంతకుముందు అందరూ వాడిని పక్కన కూర్చోబెట్టి నన్నే అడిగేవాళ్లు, బయటికి రాగానే "నాన్నా, వచ్చిన పేషెంట్ నేను కదా?" అని వాడి గొడవ. అమెరికాలో డాక్టర్లతో తనే మాట్లాడుకున్న పిల్లాడు మరి.

అడ్రినలిన్ నింపి ఉండి, మనమే తొడకి గుచ్చుకోగల ఎపిపెన్ అప్పట్లో మన మెడికల్ షాపుల్లో దొరకలేదు, మేం అమెరికా నుంచి రెండు తెచ్చుకున్నాం. ఎండాకాలం కారులో వదిలేస్తే పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఏడాదో ఏడాదిన్నరో అయ్యేసరికి తేదీ అయిపోతుంది. పైగా వాడి బరువు 30 కిలోలు దాటితే పెద్ద డోసుది కావాలి. అందుకే డాక్టరమ్మ వాడి బరువుకి ఎంత అడ్రినలిన్ ఇవ్వాలో రాసిచ్చిన కాగితం బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి, నా పర్సులో ఒకటి.

అసలు తలనొప్పి మాటతో వచ్చింది. అలర్జీ అంటే మా వీధిలో అమెరికా రోగం. అదే "పడదు" అంటే అందరికీ ఠక్కున అర్థమవుతుంది, మా నాన్నకి వంకాయ పడదు, పక్కింటి అత్తకి రొయ్యలు పడవు. సరే, తెలుగు మాట దొరికిందని నేను సంబరపడి వాడికి "నాకు శనక్కాయలు పడవు" అని నేర్పించాను. తీరా బడిలో ఎవరో పిల్లాడు పల్లీ చిక్కీ సగం విరిచి "పడకపోతే ఏముందిలే, కొంచెమే కదా" అని చేతిలో పెట్టాడట! వాడు తినలేదు, ఆ దోస్తు రెండు రోజులు అలిగాడు.

ఆ సాయంత్రం సూది లేని ట్రైనర్ పెన్ను తెచ్చి అమ్మ ముందు పెట్టాను. చీర మీదనుంచే తన తొడకి నొక్కి చూసుకుంది, అది టిక్కుమన్నాక "మూడు అంకెలు లెక్కపెట్టాలంటివి, పెట్టాను, ఇంకేం చెయ్యాలి?" అంది. 108కి ఫోన్ చెయ్యాలమ్మా అన్నాను. పెన్ను పక్కన పెట్టి మనవణ్ని పిలిచింది.

"ఒరే అబ్బాయ్, పడవు అంటే ఎవరూ వినరు. తింటే ఊపిరాగిపోద్ది అని చెప్పు, ఏదీ గట్టిగా చెప్పు!"