పౌర్ణమికి ముందురోజు ఫ్లైటు

టికెట్లు తీసేటప్పుడు నేను చూసింది రేటు ఒక్కటే. తిరుగు ప్రయాణం 2025 జులై 9, బుధవారం, రాత్రి 8:40కి వైజాగ్ నుంచి హైదరాబాద్. ముందూ వెనకా రోజులకంటే చవగ్గా ఉంది, కొట్టేశాను. గోడ మీద తెలుగు క్యాలెండర్ వేలాడుతూనే ఉంది, దాని వంక చూసే బుద్ధి పుట్టలేదు.

వెళ్ళింది నాన్న కోసం. వైజాగ్ దగ్గర తగరపువలసలో ఉండే మా మేనత్త ఆయనకి పెద్దక్క. ఎనభై దాటాక ఆవిడ ఊరు కదలడం లేదు. నాన్నకేమో ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. అక్కని చూడాలని ఏడాదిగా అంటున్నారు. రైల్లో రాత్రంతా కష్టం, విమానమైతే గంటంపావు అని ఒప్పించాను. నేను లెక్క వేసుకోనిది విమానం దిగాక ఉండే ప్రయాణం.

వైజాగ్‌లో దిగింది నేవీ వాళ్ళ రన్‌వే మీదే. ఐఎన్ఎస్ డేగా అని వాళ్ళ స్థావరం, మన టెర్మినల్ దాని పక్కన ఒద్దికగా ఉంటుంది. ఫోటోలు తీయకూడదని విమానంలో చెప్పేసరికి నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని, 'సముద్రాన్ని కూడా తియ్యకూడదా?' అన్నారు.

అత్త ఇంటికి వెళ్ళే బండి హైదరాబాద్ నుంచే ఫోన్లో మాట్లాడి పెట్టుకున్నాను. ఏదో ట్రావెల్స్. అడ్వాన్సు పంపగానే 'డన్ సార్' అని మెసేజ్ వచ్చింది. దిగి ఫోన్ చేస్తే 'ఐదు నిమిషాలు, ఎన్‌ఏడీ దగ్గరున్నాడు' అన్నారు. ఎన్‌ఏడీ అంటే ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఉండే కూడలి. అరగంట తరవాత చేసినా ఎన్‌ఏడీ దగ్గరే ఉన్నాడు. వీల్‌చెయిర్ తెచ్చిన కుర్రాడు పాపం కాసేపు ఆగాడు కానీ, ఇంకో ఫ్లైట్ దిగడంతో వెళ్ళక తప్పలేదు. నాన్నని సూట్‌కేసు మీద కూర్చోబెట్టాను. చివరికి వచ్చింది మాట్లాడుకున్న ఎర్టిగా కాదు, ఒక చిన్న కారు, అదీ తెల్ల నంబర్ ప్లేటుతో. సొంత బండిని కిరాయికి తిప్పుతున్నారన్నమాట. దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారని తెలిసీ ఎక్కాను. ఇంకో అరగంట నాన్నని అలా కూర్చోబెట్టే ధైర్యం లేకపోయింది. తగరపువలస దాకా ఆయన కాలు ముడుచుకునే కూర్చున్నారు. ఆ రాత్రి మోకాలు వాచింది.

బావ నన్ను తిట్టాల్సినంత తిట్టి, తిరుగు ప్రయాణానికి తనకి తెలిసిన డ్రైవర్ నంబరిచ్చాడు. సొంత ఇన్నోవా, పసుపు ప్లేటు, ఎయిర్‌పోర్టు కిరాయిలే ఎక్కువ. ఫోన్ చేస్తే రేటు సంగతి తరవాత చూద్దామని, ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

'ఫ్లైట్ టైం కాదు సార్, నంబరు చెప్పండి. లేటైతే నాకు తెలిసిపోద్ది.'

చెప్పాను.

'పెద్దాయనకి ఏ కాలు?'

ఎడమ కాలన్నాను. అయితే ముందు సీటే, తలుపు వైపు కాలు చాపుకోవచ్చన్నాడు. నాకు ఆ ప్రశ్న దగ్గరే సగం టెన్షన్ దిగిపోయింది. ఆ తరవాత అడిగాడు: 'తొమ్మిదో తారీఖా? ఆ రోజు గిరి ప్రదక్షిణ కదా సార్!'

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం నుంచి లక్షల మంది అప్పన్న స్వామి కొలువైన సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం వైపు వెళ్ళి, ఎంవీపీ, ఇసుకతోట దాటి, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం తిరిగి కొండ కిందికే వస్తారు. మ్యాప్‌లో గీసి చూసుకుంటే అర్థమైంది. తగరపువలస నుంచి ఊళ్ళోంచి వెళ్ళినా, సింహాచలం రోడ్డున వెళ్ళినా, ఎయిర్‌పోర్టుకి ముందు ఆ గీతని ఎక్కడో ఒకచోట దాటాల్సిందే.

అతను చెప్పిన దారి వేరు. ఆనందపురంలో ఆరు వరసల బైపాస్ ఎక్కి, పెందుర్తి, సబ్బవరం పక్కనుంచి అనకాపల్లి దాకా పోయి, అక్కడ పాత హైవే మీద వెనక్కి తిరిగి లంకెలపాలెం, గాజువాక మీదుగా రావడం. మధ్యాహ్నం రెండున్నరకే బయల్దేరాలన్నాడు. ఆరు గంటల ముందా! నిజం చెప్పాలంటే, కిలోమీటర్లు పెంచుకోవడానికి వేసిన ఎత్తనుకున్నాను. బండి షెడ్డులోంచి బయల్దేరి మళ్ళీ షెడ్డు చేరేదాకా తిరిగిన కిలోమీటర్లన్నిటికీ కిరాయి లెక్క మరి.

తగువు అత్త తీర్చింది. 'అప్పన్న చుట్టూ జనం తిరిగే రోజున నువ్వు అడ్డంగా ఎల్తానంటావేట్రా?'

బుధవారం రెండుంబావుకే ఇన్నోవా గుమ్మంలో ఉంది. మీటర్ రీడింగ్ నన్నే ఫోటో తీసుకోమన్నాడు. డిక్కీలో సామాను సర్దుతుంటే మూలన గుడ్డలో చుట్టిన కొబ్బరికాయ కనిపించింది. పండక్కి ఇంటికేమో అనుకున్నాను. అత్త, నాన్న చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. డ్రైవర్ ఆ కాసేపూ హారన్ కొట్టలేదు, టైం అయిందని కూడా అనలేదు.

భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు పనులు అప్పటికి సాగుతున్నాయి. అది తగరపువలసకి ఇటు పక్క దగ్గర్లోనే ఉంటుంది, మేమేమో అటు దూరంగా వెళ్తున్నాం. నాన్న అదే అన్నారు. 'అదొచ్చీస్తే మీకు హాయే సార్, గాజువాకోళ్ళే తిట్టుకుంటారు' అన్నాడు డ్రైవర్.

బైపాస్ మీద బండి సాఫీగా సాగిపోయింది. సబ్బవరం దగ్గర టీ. నాన్న కిందికి దిగకుండానే తాగారు. అనకాపల్లి తరవాత అసలు పరీక్ష. కూర్మన్నపాలెం దగ్గర స్టీల్ ప్లాంట్ డ్యూటీ దిగినవాళ్ళ బండ్లు, గాజువాకలో ఆటోలు, లారీలు. అక్కడే నలభై నిమిషాలు పోయాయి. అయినా ఐదున్నరకి టెర్మినల్ ముందున్నాం. బండి ఆగేలోగానే అతను వీల్‌చెయిర్ కోసం పరుగెత్తాడు.

చెక్-ఇన్ కౌంటర్ ఇంకా తెరవలేదు. నాన్న నా వంక చూసి నవ్వారు. 7:35కి, కౌంటర్ మూయడానికి ఐదు నిమిషాలుందనగా, ఒకతను చెమటతో తడిసి సూట్‌కేసు భుజాన మోసుకుంటూ వచ్చాడు. ఎన్‌ఏడీ అవతల క్యాబ్ దిగి నడిచి వచ్చాడట. వెనక భార్య చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది.

డ్రైవర్ సంగతి చెప్పలేదు కదూ. డబ్బులిచ్చాక, వెంటనే ఇంత దూరం తిరిగి వెళ్తావా అనడిగాను.

'లేదు సార్. గాజువాకలో మా తమ్ముడింట్లో బండి పెట్టీసి, నానూ కొండకే. బేగి ఎల్తే తెల్లారేసరికి తిరిగీవచ్చు.' డిక్కీ తెరిచి కొబ్బరికాయ తీసి, నాన్న చేత ముట్టించుకుని వెళ్ళిపోయాడు.