లెక్చరెట్‌లో నాకొచ్చిన ఫిరంగి

సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ ఐదు రోజుల్లో నా గుబులంతా లెక్చరెట్ గురించే, అంటే ఇచ్చిన అంశం మీద చేసే చిన్న ప్రసంగం. స్క్రీనింగ్, సైకాలజీ పరీక్షలు ఎలాగో గట్టెక్కాయి. గ్రూపు పరీక్షలు పెట్టే జీటీఓ సార్ ముందున్న కార్డుల్లోంచి ఒకటి తీశాను. నాలుగు అంశాలు. చివరిది చూడగానే ప్రాణం లేచొచ్చింది: టైర్ల మీద నడిచే ఫిరంగులు. ఆలోచించుకోవడానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి మూడు నిమిషాలు.

మాది కోవూరు పక్కన పల్లె. నాయన వరికోత మిషను నడుపుతాడు, చైనుది. తడి మడిలో దానికి తిరుగులేదు. ఇంకో ఊరికి పోవాలంటే మాత్రం లారీ రావాల్సిందే. లారీ చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక రెండు ఇనప పలకలు ఆనించి, మిషను అంగుళం అంగుళం పైకి పాకేదాకా మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఈలోగా టైరు మిషను వాళ్ళు రోడ్డు మీదే వచ్చేసి, ఆరిన మడి ఒకటి కోసేసుంటారు. ఫిరంగి లెక్కా ఇదేనని ఆ మూడు నిమిషాల్లో తట్టింది.

మన సైన్యంలోని కె9 వజ్ర ఫిరంగి ట్రాకులది, అంటే మా మిషనులా చైనుది. 155 ఎంఎం గొట్టం, బరువు 50 టన్నులకు దగ్గర. ఫ్రాన్సు వాళ్ళ సీజర్‌దీ 155 ఎంఎం గొట్టమే, కానీ లారీ మీద బిగించారు. ఆరు చక్రాల రకం 18 టన్నుల లోపే. ట్రెయిలరుతో పనిలేకుండా తనే రోడ్డు మీద వందల కిలోమీటర్లు పోతుంది. డీజిలూ తక్కువే తాగుతుంది. ట్రాకులకైతే లింకులు, పిన్నులు అరుగుతూనే ఉంటాయి. చైను అరుగుడు ఖర్చు మా ఇంట్లో అందరికీ తెలిసిందే.

ఎక్కువసేపు చెప్పింది మాత్రం కాల్చి తప్పుకోవడం గురించి. గాల్లో వస్తున్న గుండును శత్రువు రాడార్ పట్టేసి, అది ఎక్కడినుంచి బయల్దేరిందో లెక్క కట్టేస్తుంది. కాసేపటికి అక్కడ గుండ్లు పడతాయి. అప్పటికి మనం అక్కడ ఉండకూడదు. స్వీడన్ వాళ్ళ టైర్ల ఫిరంగి ఆర్చర్‌లో 21 గుండ్లు ముందే నింపి ఉంటాయి, సిబ్బంది క్యాబిన్ దిగకుండానే కాల్చి కదిలిపోతారు. ఉక్రెయిన్‌కు 2022లో సీజర్లు వెళ్ళాయి. అక్కడ ఒకేచోట నిలబడి కాల్చే ఫిరంగికి ఎంత ప్రమాదమో చెబుతుంటే నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఇంకా అర నిమిషం, అన్నారు సార్. అప్పుడు గుర్తొచ్చింది రెండో వైపు చెప్పలేదని. బురదలో, ఇసకలో ట్రాకుదే పైచేయి. వజ్రలో మనుషుల చుట్టూ ఉండేంత కవచం లారీ ఫిరంగికి ఉండదు. గబగబా చెప్పి కూర్చున్నాను.

ఐదో రోజు కాన్ఫరెన్సు అయ్యాక ఎంపికైనవాళ్ళవంటూ పిలిచిన నంబర్లలో నాదీ ఉంది. వెంటనే నాయనకు ఫోను చేశాను. ఏం మాట్లాడావురా అబ్బయ్యా అంటే మొత్తం చెప్పాను.

"బురద సంగతి చెప్పావా?"

"చెప్పాను నాయనా, ఆఖర్న."

"ముందే చెప్పుండాల్సింది గదరా," అన్నాడు. ఆయన వెనకాల మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆ రోజు తడి మడిలో కోత.