పసిఫిక్ ఒడ్డున అట్లాంటిక్

"ఇంకో దోసె వద్దు ఆంటీ, ఫ్లైట్ టైమ్ అవుతోంది" అంటూనే ఇంకోటి తినేసింది పక్కింటి అమ్మాయి. ఒక పక్క చట్నీ, ఇంకో పక్క ల్యాప్‌టాప్‌లో సగం రాసిన స్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్. మోకాలి మీద ఐస్ ప్యాక్.

ఇక్కడే కాలిఫోర్నియా బే ఏరియాలో చదువుతూ కాలేజీకి వాలీబాల్ ఆడుతుంది. ఈసారి మ్యాచ్ దేశానికి అవతలి ఒడ్డున, నార్త్ కరోలినాలో. ఆట రెండు గంటలు, ప్రయాణం రోజంతా.

2024 నుంచి ఇక్కడి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ రెండూ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) అనే కాలేజీ ఆటల లీగ్‌లో ఉన్నాయి మరి. పసిఫిక్ ఒడ్డున కూర్చుని అట్లాంటిక్! లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ, యూఎస్‌సీ యూనివర్సిటీలు బిగ్ టెన్ అనే ఇంకో లీగ్‌కి వెళ్లిపోయాయి. ఆ టెన్‌లో ఇప్పుడు 18 యూనివర్సిటీలు, లెక్కల మాస్టారికి చెప్పకండి. అమెరికన్ ఫుట్‌బాల్ చూపించే టీవీల డబ్బు అంతా. బిగ్ టెన్‌కి ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాటే. డాలస్‌లోని ఎస్ఎంయూ యూనివర్సిటీ అయితే తొమ్మిదేళ్లు టీవీ వాటా వద్దని మరీ ఏసీసీలో చేరింది. ఎదురు కట్నమిచ్చి పెద్దింటి సంబంధం కలుపుకున్నట్టు.

"చదువుల్లో మన స్థాయి వాళ్లతోనే కలుస్తున్నాం" అనే మాట కూడా ఉంది. డ్యూక్, వర్జీనియా పేర్లు వింటే కాదనలేం. కానీ నెబ్రాస్కా యూనివర్సిటీ 2011లో బిగ్ టెన్‌లో చేరిన ఏడాదే ఏఏయూ అనే పెద్ద పరిశోధనా యూనివర్సిటీల సంఘంలో సభ్యత్వం పోగొట్టుకుంది. కాన్ఫరెన్స్ మాత్రం పొమ్మనలేదు.

వాలీబాల్ పిల్లల్ని ఎవరైనా అడిగారో లేదో.

ఇప్పుడే మెసేజ్: "అసైన్‌మెంట్ పెట్టేశా ఆంటీ. డెన్వర్‌లో ఉన్నాం. చట్నీ సూపర్."