బాక్సు మీద రిపేరు మార్కులు

"డూప్లికేట్ వేశావా అన్నా?" అన్నాడు కుర్రాడు, ఫోన్ కౌంటర్ మీద పెట్టి.

స్క్రీన్ మీద మెసేజ్: ఈ డిస్‌ప్లే అసలుదో కాదో తెలియడం లేదట. నేను వేసింది ఒరిజినలే, అదే మోడల్ పాత ఫోన్ నుంచి తీసింది. వేరే ఫోన్‌ది కాబట్టే ఆ మెసేజ్. అదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. నమ్మాడో లేదో గానీ రెండొందలు తగ్గించమన్నాడు. తగ్గించాను.

మధ్యాహ్నం బేరాల్లేక రిపేరబిలిటీ ఇండెక్స్ గురించి చదువుతూ కూర్చున్నా. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ఫ్రిజ్‌కి స్టార్లు ఉన్నట్టు ఫోన్‌కి రిపేరు మార్కులన్నమాట. విప్పడం ఎంత సులువు, స్పేర్లు దొరుకుతాయా, ఇలాంటివన్నీ చూసి మార్కులు. మొదట ఫోన్లకీ ట్యాబ్లెట్లకీ.

మార్కులు లెక్కేసి ప్రకటించేది మాత్రం కంపెనీలే. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు!

అయినా ఆశ చావదు. బ్యాటరీని జిగురుతో అతికించిన మోడల్‌కి మార్కులు తగ్గితే, తర్వాతి మోడల్‌లో తేలిగ్గా ఊడొచ్చేలా పెడతారేమో. రోజూ హీట్ గన్‌తో వేళ్లు కాల్చుకునేవాడికి అది చిన్న విషయం కాదు. కానీ స్పేర్లు తమ సర్వీస్ సెంటర్లకే ఇచ్చి "దొరుకుతున్నాయి" అని మార్కు వేసుకుంటే మా బోటి గల్లీ షాపుల సంగతేంటి?

సాయంత్రం ఆ కుర్రాడే మళ్లీ వచ్చాడు. గొడవకేమోనని టెన్షన్ పడ్డా. వాళ్లమ్మ ఫోన్ తెచ్చాడు, ఛార్జింగ్ ఎక్కట్లేదట.