వైన్స్ కౌంటర్లో వయసు కార్డు చూడటం: నా అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో మందు కొనాలంటే 21 ఏళ్లు నిండి ఉండాలి. 21వ ఏడు నడుస్తోందంటే కుదరదు, నిండాలి. అనంతపురంలో వైన్స్ కౌంటర్ చూసుకునే నాకు రోజూ పడే పని ఇది: ఎదురుగా నిలబడిన పిల్లోడికి 21 నిండాయా లేదా అని నిమిషంలోపల తేల్చడం. ఊళ్లో జేఎన్‌టీయూ ఉంది, ఊరి బయట శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది. సాయంత్రమైతే కౌంటర్ ముందుకు వచ్చేవాళ్లలో చాలామంది ఇరవై అటూ ఇటూ ఉన్నవాళ్లే. ముఖం చూసి వయసు చెప్పేస్తామనే ధైర్యం ఈ పనికి పనికిరాదు. నిండుగా గడ్డం పెరిగిన పందొమ్మిదేళ్లవాడు వస్తాడు, మీసం సరిగా రాని పాతికేళ్లవాడూ వస్తాడు. అందుకని ముప్పైలోపు కనపడితే కార్డు అడగడమే మా పద్ధతి. ఒకరిని అడిగి ఒకరిని వదిలేస్తే గొడవ. అందరినీ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

కార్డులో నేను వెతికేవి మూడు. మనిషి ఫోటో, తేదీ నెల సంవత్సరంతో సహా పుట్టిన రోజు, ఇచ్చింది ప్రభుత్వమేనన్న రుజువు. ఈ మూడిట్లో ఒకటి లేకపోయినా ఆ కార్డు మిగతా అన్ని పనులకూ పనికొస్తుందేమో గానీ ఇక్కడికి పనికిరాదు; పుట్టిన సంవత్సరం మాత్రమే ఉన్న ఆధార్, పాత ఓటరు కార్డుల సంగతి వేరు, అది కింద చెబుతాను. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, పాన్, ఓటరు కార్డు, మేం తీసుకునేవి ఇవే. ఇందులో నాకు ఎక్కువ నమ్మకం పాస్‌పోర్టు మీద, తర్వాత లైసెన్సు మీద. ఎక్కువగా చేతికొచ్చేది మాత్రం ఆధారే.

కార్డు సంగతికి ముందు లెక్క సంగతి. కౌంటర్లో జరిగే తప్పుల్లో దొంగ కార్డుల వాటా తక్కువ, తీసివేతలో జరిగేవే ఎక్కువ. జనం గుమిగూడినప్పుడు ఎవరైనా సంవత్సరంలోంచి సంవత్సరం తీసేసి ఊరుకుంటారు. ఈ రోజు 2025 ఆగస్టు 14 అనుకోండి, కార్డు మీద 22-11-2004 ఉంది. 2025లోంచి 2004 పోతే 21, ఇచ్చేద్దాం అనిపిస్తుంది. ఆ అబ్బాయికి 21 నిండేది నవంబర్ 22న, ఇంకా మూడు నెలల పైన ఉంది. దీనికి విరుగుడుగా మేం పొద్దున 10 గంటలకు షట్టర్ ఎత్తే ముందే కౌంటర్ లోపలివైపు పలక మీద ఆ రోజు హద్దు తేదీ రాసిపెడతాం. పై లెక్కన 14-08-2004 అన్నమాట. కార్డు మీద ఆ తేదీ గానీ అంతకు ముందుది గానీ ఉంటే బాటిల్ ఇవ్వొచ్చు, ఒక్క రోజు తర్వాతిదైనా ఇవ్వకూడదు. తీసివేతలు లేవు, రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడటమే. కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా ఇది అప్పటికప్పుడే అర్థమవుతుంది. పలక మీద తేదీ మార్చడం మర్చిపోతే ఇబ్బందే గానీ, అది నష్టం చేసే ఇబ్బంది కాదు: పాత తేదీ ఉంటే హద్దు ఇంకా బిగుస్తుందే తప్ప వదులు కాదు.

ఇక ఆధార్. ఇందులో చిక్కులు చాలా ఉన్నాయి. మొదటిది ఫోటో. చాలామంది పిల్లలకు బడిలో ఉన్నప్పుడే ఆధార్ తీయించారు. అయిదేళ్లు వచ్చాక ఒకసారి, పదిహేనేళ్లు వచ్చాక ఇంకోసారి వేలిముద్రలూ ఫోటో మళ్లీ ఇవ్వాలని నిబంధన ఉంది గానీ, పల్లెల్లో ఆ రెండోది ఎగ్గొట్టినవాళ్లు బాగా ఉన్నారు. దాంతో ఇరవై మూడేళ్ల మనిషి చేతిలోని కార్డులో పదేళ్ల పిల్లోడి ముఖం ఉంటుంది. తేదీ సరిగ్గానే ఉన్నా, ఆ ముఖం ఈ మనిషిదేనని నేను చెప్పలేను. అన్న ఆధార్ తమ్ముడు తేవడానికి వీలయ్యేది కూడా ఇలాంటి కార్డులతోనే. ఇలాంటప్పుడు లైసెన్సో పాన్ కార్డో అడుగుతాం.

రెండోది, కొన్ని ఆధార్ కార్డుల మీద తేదీ ఉండదు, పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. నమోదు చేయించుకున్న రోజు చేతిలో కాగితం లేక, వయసు మాటగా చెప్పినవాళ్లవి అలా వచ్చాయి. 2004 అని మాత్రమే ఉంటే ఆ మనిషి జనవరిలో పుట్టాడో డిసెంబర్లో పుట్టాడో తెలియదు. మేం డిసెంబర్ 31 కిందే లెక్కేస్తాం. అంటే 2025లో 2004 కార్డుకు ఇవ్వం, 2003 కార్డుకు ఇస్తాం. ఇది కొందరికి అన్యాయంగా తోస్తుంది. తప్పు వాళ్లది కాదు, నిజమే. కానీ అనుమానం ఉన్నప్పుడు బాటిల్ లోపలే ఉండాలి. 01-01 అని తేదీ ఉన్న కార్డులు మాత్రం వేరు, అవి తేదీ ఉన్న కార్డులే. మన వైపు బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు రాసిన తేదీతో బతికేవాళ్లు ఎంతోమంది, వాళ్లను దానికి నిలదీయడం మా పని కాదు. కార్డు మీద ఉన్నదే లెక్క.

మూడోది దిద్దుబాట్లు. సైజు తగ్గించి లామినేషన్ చేయించిన ప్రింట్లలోనే ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. నేను చూసేది పుట్టిన తేదీ ఉన్న వరుస ఒక్కటే. తెలుగులో, పక్కన ఇంగ్లీషులో ఉండే ఆ వరుసలో అంకెలన్నీ ఒకే ఎత్తు, ఒకే నలుపు, ఒకే ఎడంతో ఉండాలి. 6ను 3గానో, 7ను 1గానో మార్చినచోట ఆ ఒక్క అంకె కొంచెం బొద్దుగానో, అర గీత కిందికి జారో ఉంటుంది. వెనక తెలుపు కూడా అక్కడ మరీ తెల్లగా కనపడుతుంది. అనుమానం వస్తే క్యూఆర్ కోడ్ ఉంది. ప్రింటు మీద తేదీ మార్చగలరు గానీ, క్యూఆర్ లోపలి తేదీ మార్చలేరు, దాని మీద ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. మామూలు స్కానర్‌తో కొడితే పొడుగాటి అంకెల వరుస తప్ప ఏమీ రాదు. ఆధార్ సంస్థవాళ్ల సొంత స్కానర్ యాప్‌తో కొడితే పేరు, పుట్టిన తేదీ, ఫోటో తెర మీదికి వస్తాయి. కౌంటర్ ఫోన్లో ఆ యాప్ ఒక్కటి వేసుకుంటే సగం వాదనలు మొదలు కాకముందే ఆగుతాయి.

ఆధార్ నెంబరు మాకు అక్కర్లేదు. రాసుకోం, ఫోటో తీసుకోం. చివరి నాలుగంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తెచ్చినా చాలు, అందులో ఫోటో, తేదీ రెండూ ఉంటాయి. మీరు వెళ్లిన షాపులో కార్డు జిరాక్స్ అడిగితే ఇవ్వాల్సిన పని లేదు, చూపించి జేబులో పెట్టుకోండి. ఇంకో మాట: ఆధార్ అనేది మనిషి గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ సంస్థే 2023 డిసెంబర్లో స్పష్టం చేసింది. 2024 జనవరిలో పీఎఫ్ వాళ్లు పుట్టిన తేదీకి తాము ఒప్పుకునే రుజువుల జాబితా నుంచి దాన్ని తీసేశారు. కౌంటర్లో ఆధార్ మానేస్తే పని జరగదు కాబట్టి మేం తీసుకుంటున్నాం. హద్దు తేదీకి నెల రోజుల దగ్గర్లో ఉన్న కార్డయితే మాత్రం రెండోది కూడా అడుగుతాం.

లైసెన్సులో పుట్టిన తేదీ ఒక్కటే చూసి తిరిగి ఇచ్చేయకండి, నెంబరు కూడా చదవండి. బళ్లారి మనకు పక్కనే కాబట్టి కర్ణాటక లైసెన్సులు బాగా వస్తాయి. కేఏ 34 అంటే బళ్లారి. ఆ తర్వాత వచ్చే నాలుగంకెలు లైసెన్సు ఇచ్చిన సంవత్సరం. గేరు బండి లైసెన్సు 18 నిండితేనే ఇస్తారు. కాబట్టి నెంబర్లో 2024 ఉండి, పుట్టిన సంవత్సరం 2003 ఉంటే సరిపోతుంది. నెంబర్లో 2018 ఉండి పుట్టింది 2003 అంటే పదిహేనేళ్లకే లైసెన్సు వచ్చినట్టు, అలాంటి కార్డును పక్కన పెట్టాల్సిందే. ఎల్ఎల్ఆర్ కాగితం మేం తీసుకోం, అది నెట్ సెంటర్లో తీసిన ప్రింటు, అందులో ఏం మార్చినా చూడగానే తెలియదు. మన రాష్ట్రంలో మధ్యలో కొంతకాలం లైసెన్సు కార్డులు ప్రింటు చేసి ఇవ్వడం ఆగింది. అప్పుడు తీసుకున్నవాళ్ల దగ్గర కార్డే ఉండదు, ఫోన్లో చూపిస్తారు. అది తప్పు కాదు.

పాన్ కార్డు చిన్నదే గానీ మంచిది. ఫోటో లేని పాన్ వస్తే అది మైనరుగా ఉన్నప్పుడు తీసింది, తీసుకోవద్దు. ఓటరు కార్డులో పాతవాటి మీద తేదీ బదులు ఫలానా జనవరి 1 నాటికి ఇంత వయసు అని ఉంటుంది. అలాంటివి తెచ్చేవాళ్లు ఈపాటికి ఎలాగూ ముప్పై దాటినవాళ్లే. కొత్తవాటి మీద పూర్తి తేదీ ఉంటుంది. పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల అక్షరాలుంటాయి. రెండో వరుసలో దేశం పేరు మూడక్షరాల తర్వాత ఆరంకెలు పుట్టిన తేదీ, సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర. 040814 అని ఉంటే 2004 ఆగస్టు 14. పైన ఉన్న తేదీతో అది కలవాలి. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు అక్కడి లైసెన్సు తీస్తారు, దాని మీద నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. 05-09 అంటే వాళ్లకు మే 9. ఆ తికమక మనకెందుకు, పాస్‌పోర్టు అడిగితే సరిపోతుంది.

ఫోన్ దగ్గరే మాటా మాటా పెరిగేది.

"అన్నా, ఆధార్ ఫోటో ఉంది ఫోన్లో, చూడన్నా."

"ఫోటో వద్దప్పా. డిజిలాకర్ తెరిచి చూపించు."

గ్యాలరీలో ఉన్న ఫోటో, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్, స్క్రీన్‌షాట్, ఇవేవీ కుదరవు. ఫోన్లోనే వీటిని ఎవరైనా దిద్దగలరు. డిజిలాకర్లో ప్రభుత్వ శాఖ నుంచి నేరుగా వచ్చిన పత్రం అసలు పత్రంతో సమానమని ఐటీ నిబంధనలే చెబుతున్నాయి, లైసెన్సు ఎంపరివాహన్ యాప్‌లో ఉన్నా ఫరవాలేదు. నా షరతు ఒక్కటే: యాప్ నా ఎదురుగా తెరవాలి, పిన్ కొట్టాలి, పత్రం లోపలి నుంచి తీయాలి. ముందే తెరిచి పెట్టుకుని వచ్చిన తెరను ఒకసారి మూసి మళ్లీ తెరవమంటాను. డిజిలాకర్లో మనమే ఫోటో తీసి ఎక్కించుకున్న పత్రాలు వేరే చోట ఉంటాయి, వాటికి ఆ విలువ లేదు.

కాలేజీ ఐడీ, బస్ పాసు, హాల్ టికెట్, బ్యాంకు పాసుబుక్కు, రైస్ కార్డు తీసుకోం. పదో తరగతి మెమోలో తేదీకి ఉన్నంత విలువ ఇంకెక్కడా లేదు, కానీ ఫోటో లేని మెమో ఎదురుగా ఉన్న మనిషిదేనని ఎలా తెలుస్తుంది? ఫోటో ఉన్న వేరే కార్డుతో కలిపి తెస్తే చూస్తాం. "మా నాయన తెమ్మన్నాడు" అని వచ్చే పిల్లలకు ఏ కార్డూ అడగం, వెనక్కి పంపేస్తాం. వాళ్ల నాయన చేత్తో రాసిన చీటీ ఉన్నా అంతే. బయట బండి మీద ముగ్గురు చిన్నపిల్లలను నిలబెట్టి, పెద్దవాడొక్కడే వచ్చి నాలుగు బీర్లు అడిగినప్పుడూ ఇవ్వను. అడిగిన మనిషికి వయసుంది, తాగబోయేవాళ్లకు లేదు. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను, రాత్రి ఆ పిల్లలే బండి నడుపుకుంటూ పోవాలి.

వేరే రాష్ట్రం కార్డు చెల్లుతుంది, వేరే రాష్ట్రం వయసు చెల్లదు. గోవాలో 18కే కొనొచ్చు, కేరళలో 23, ఢిల్లీలో 25. గోవా లైసెన్సు ఉన్న పందొమ్మిదేళ్లవాడికి అనంతపురంలో ఇవ్వం. ఇక్కడ 22 ఏళ్లకు కొన్నవాడు ఢిల్లీ పోతే అక్కడ ఇవ్వరు.

లేదని చెప్పే పద్ధతిలోనే సగం పని ఉంది. గొంతు పెంచకుండా, పక్కవాళ్లకు వినపడకుండా, కార్డు రెండు చేతులతో తిరిగి ఇచ్చి "తేదీ ఇంకా రాలేదు నాయనా" అంటే చాలు. దొంగ కార్డని గట్టిగా అనొద్దు, లాక్కోవద్దు, చించొద్దు. ఆ అధికారం మనకు లేదు. దిద్దిన కార్డును అసలుదిగా చూపించడం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద నేరం, ఆ మాట మెల్లగా చెవిన వేస్తే చాలామంది మళ్లీ ఆ కార్డుతో రారు. 21 నిండనివాళ్లకు అమ్మినట్టు ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటే మాత్రం షాపు లైసెన్సు మీదికే వస్తుంది, కౌంటర్లో ఉన్న మనిషి పేరూ కేసులో ఉంటుంది.

వయసు నిండి కూడా కార్డు లోపంతో వెనక్కి పోయేవాళ్లకు ఈ మాట చెప్పి పంపుతాను. ఆధార్‌లో సంవత్సరం మాత్రమే ఉన్నా, ఫోటో చిన్నప్పటిదైనా ఆన్‌లైన్‌లో కాదు, ఆధార్ కేంద్రానికే పోవాలి. సచివాలయాల్లో, పోస్టాఫీసుల్లో, కొన్ని బ్యాంకుల్లో కేంద్రాలున్నాయి. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో గానీ, జనన ధ్రువపత్రం గానీ, పాస్‌పోర్టు గానీ అసలుది తీసుకెళ్లాలి. అందులోని పేరు ఆధార్‌లోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొట్టిగా ఉండటం వల్లనే ఎక్కువ దరఖాస్తులు తిరిగొస్తాయి. తేదీ మార్పు జీవితంలో ఒక్కసారే, కాబట్టి ఆపరేటర్ కొట్టిన తేదీని తెర మీద మీరే చదువుకుని అప్పుడు సరే అనండి. 2025 అక్టోబర్ 1 నుంచి తేదీ మార్పుకు 75 రూపాయలు, ఫోటో, వేలిముద్రలకు 125. రెండూ ఒకేసారి చేయిస్తే తేదీకి వేరే కట్టక్కర్లేదు. మొబైల్ నెంబరు కూడా అప్పుడే ఎక్కించుకోండి, అది లేకపోతే ఓటీపీ రాదు, మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ కాదు. డౌన్‌లోడ్ అయిన ఫైలుకు పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, వెనకే పుట్టిన సంవత్సరం. కేంద్రంలో ఇచ్చే రసీదు గుర్తింపు కార్డు కాదు, దాన్ని పట్టుకుని కౌంటర్‌కు వస్తే ఇవ్వలేం. మార్పు ఎక్కినట్టు మెసేజ్ వచ్చాక కొత్త ఆధార్‌తో రండి.